లైట్ షీట్ మైక్రోస్కోప్‌కి ఏ లేజర్? మిల్లీవాట్ల వెనక ఉన్న లెక్క

లైట్ షీట్ మైక్రోస్కోప్ కట్టుకుందామనుకున్న ల్యాబ్‌కి కొటేషన్లు రాగానే అందరి కళ్ళూ ముందు ఒక్క అంకె మీదే పడతాయి: ఎన్ని మిల్లీవాట్లు? ఒకరు 488 నానోమీటర్ల లేజర్‌ని 20 మిల్లీవాట్లకి రాస్తారు. ఇంకొకరు అదే రంగుని 100 మిల్లీవాట్లకి, అదీ సగం ధరకే ఇస్తామంటారు. “సార్, సగం ధరకి అయిదు రెట్లు వస్తుంటే ఇంకా ఆలోచన ఎందుకండీ?” అని విద్యార్థి అడగడంలో తప్పేమీ లేదు. విశాఖలో చేప పిండాల మీద పనిచేసే జీవశాస్త్రం వాళ్ళకైనా, ఎలుక మెదడుని పారదర్శకం చేసి చూడాలనుకునే వైద్య పరిశోధకులకైనా చిక్కుముడి ఇక్కడే పడుతుంది. ఈ పరికరంలో పవర్ అనేది మొదట చూడాల్సిన అంకె కాదు. ఎందుకు కాదో తెలియాలంటే అది పనిచేసే పద్ధతి దగ్గర్నుంచి రావాలి.

పక్క నుంచి వెలుగు, పైనుంచి చూపు

మామూలు ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్‌లో వెలుగు ఏ లెన్స్ గుండా లోపలికి వెళ్తుందో, నమూనా నుంచి తిరిగొచ్చే మెరుపుని కూడా అదే లెన్స్ పట్టుకుంటుంది. దాంతో మనం చూడదలచిన పొరతో పాటు దాని పైనా కిందా ఉన్నవన్నీ వెలిగి, చిత్రం మసకబారుతుంది. కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ ఆ అనవసరపు వెలుగుని ఒక పిన్‌హోల్ పెట్టి ఆపేస్తుంది. ఆపేది డిటెక్టర్ వైపే సుమా. నమూనా మాత్రం నిలువునా వెలుగు దెబ్బ తింటూనే ఉంటుంది.

లైట్ షీట్‌లో ఈ రెండు దారుల్నీ విడదీశారు. లేజర్ వెలుగుని పలచటి రేకుగా మార్చి పక్క నుంచి పంపుతారు. దానికి 90 డిగ్రీల కోణంలో వేరే లెన్స్, కెమెరా ఉంటాయి. కెమెరా ఫోకస్ ఏ పొర మీద ఉందో ఆ పొర ఒక్కటే వెలుగుతుంది, మిగతాది చీకట్లో ఉంటుంది.

ఆలోచన పాతదే. 1903లో సీడెన్‌టాఫ్, జిగ్మండీ అనే ఇద్దరు పక్క వెలుగుతోనే గాజులోని బంగారు కణాల్ని చూశారు. జిగ్మండీకి 1925 రసాయన నోబెల్ వచ్చింది. 1993లో వోయ్ బృందం గినీ పిగ్ చెవిలోని కాక్లియాని ఈ పద్ధతిలో చూసింది. ఇప్పుడు మనం వాడుతున్న రూపానికి ఊపు వచ్చింది మాత్రం 2004లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హ్యూస్కెన్, స్టెల్జర్ తదితరులు బతికున్న చేప పిండాల్ని చూపించినప్పుడు. 2013 తర్వాత ఓపెన్‌స్పిమ్ లాంటి బహిరంగ డిజైన్లు రావడంతో సొంతంగా కట్టుకునే ధైర్యం చిన్న ల్యాబ్‌లకీ వచ్చింది. సొంతంగా కట్టుకోవడమంటే లేజర్‌ని సొంతంగా ఎంచుకోవడమూ ఉంటుంది కదా.

తరంగదైర్ఘ్యం ముందే ఖాయమైపోతుంది

ఏ రంగు లేజర్ అన్నది నమూనాలో వాడే ఫ్లోరోసెంట్ పదార్థమే (ఒక రంగు వెలుగు పీల్చుకుని ఇంకో రంగులో మెరిసేది) చెప్పేస్తుంది. కణకేంద్రకాలకి వాడే డాపీ, హోక్స్‌ట్ లాంటి రంగులు 405 నానోమీటర్ల వెలుగు తగిలితే మెరుస్తాయి. జీఎఫ్‌పీకి (ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్) 488. ఎర్ర ప్రోటీన్లకి 561. ఏలెక్సా 647 లాంటి దూరపు ఎరుపుకి 640. చాలా ల్యాబ్‌లలో ఈ నాలుగే కనిపిస్తాయి.

మార్కెట్లో చవగ్గా దొరికే ఆకుపచ్చ లేజర్ 532 నానోమీటర్లది. “561కి బదులు ఇది సరిపోదా?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఎర్ర ప్రోటీన్లలో టీడీటొమాటో 554 దగ్గర ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి దానికి 532 పనికొస్తుంది. ఎంచెర్రీ 587 దగ్గర పీల్చుకుంటుంది; 532తో అది నీరసంగానే వెలుగుతుంది. ఇంకో ఇబ్బంది ఎవరూ ముందు గమనించరు. జీఎఫ్‌పీ మెరుపుని పట్టుకునే ఫిల్టర్ సాధారణంగా 500 నుంచి 550 దాకా తెరుచుకుని ఉంటుంది. 532 సరిగ్గా దాని మధ్యలో పడుతుంది. రెండు రంగుల్నీ ఒకేసారి చూడాలంటే కుదరదు.

డయోడ్ లేజర్ల విషయంలో లేబుల్ మీద 488 అని ఉన్నా అసలు విలువ అటూ ఇటూ కొన్ని నానోమీటర్లు జరిగి ఉండొచ్చు. పైగా ప్రధాన రంగుతో పాటు చుట్టుపక్కల రంగుల్లో సన్నగా ఒక తోక ఉంటుంది. ఆ తోక జీఎఫ్‌పీ ఫిల్టర్‌లోకి జారితే నల్లగా ఉండాల్సిన నేపథ్యం బూడిద రంగులోకి మారుతుంది. అందుకే డయోడ్ ముందు క్లీనప్ ఫిల్టర్ ఒకటి పెడతారు. దాని ధరని లేజర్ ధరతో కలిపి చూస్తేనే పోలిక న్యాయంగా ఉంటుంది.

రేకు పలచనైతే వెడల్పు తగ్గుతుంది

మొత్తం ఎంపికంతా తిరిగేది ఈ ఒక్క విషయం చుట్టూనే. లేజర్ బీమ్‌ని లెన్స్‌తో ఫోకస్ చేస్తే అది నడుము దగ్గర సన్నబడి, దాటాక మళ్ళీ విచ్చుకుంటుంది. పడుకోబెట్టిన డమరుకం ఆకారం అది. దీన్ని కళ్ళారా చూడటం తేలిక: నమూనా ఉండే గాజు తొట్టెలో ఫ్లోరెసీన్ కలిపిన పలచటి నీళ్ళు పోసి, 488 లేజర్‌ని తక్కువ పవర్‌లో పంపితే చాలు, కెమెరాలో పచ్చగా నడుము కనిపిస్తుంది. ఫోకస్ చేసే లెన్స్‌ని కొంచెం ముందుకీ వెనక్కీ జరుపుతుంటే నడుము కుడి ఎడమలకి నడుస్తుంది. అది తెర మధ్యలో నిలిచి, రెండు వైపులా సమానంగా విచ్చుకుంటే అమరిక సరిగ్గా ఉన్నట్టు. ఒక వైపు బొద్దుగా, ఇంకో వైపు వంకరగా ఉంటే బీమ్ లెన్స్ మధ్యలోంచి వెళ్ళడం లేదని అర్థం.

నడుము ఎంత సన్నగా ఉంటే అంత త్వరగా విచ్చుకుంటుంది. నడుము వ్యాసార్ధం వర్గాన్ని 3.14తోనూ, ద్రవం వక్రీభవన గుణకంతోనూ గుణించి, తరంగదైర్ఘ్యంతో భాగిస్తే, నడుము నుంచి ఎంత దూరం దాకా బీమ్ దాదాపు సన్నగా ఉంటుందో వస్తుంది. దాన్ని రేలీ దూరం అంటారు. రెండు వైపులా కలిపితే దానికి రెట్టింపు. నీళ్ళలో (గుణకం 1.33), 488 నానోమీటర్లకి లెక్క ఇలా తేలుతుంది. నడుము మందం 4 మైక్రాన్లయితే వాడుకోగలిగే వెడల్పు సుమారు 68 మైక్రాన్లే. మందం 10 మైక్రాన్లయితే వెడల్పు 430 దాకా వస్తుంది. 18 మైక్రాన్లకి ఒప్పుకుంటే దాదాపు 1,390.

జీబ్రా ఫిష్ గుడ్డు సుమారు 700 మైక్రాన్లు. అది మొత్తం ఒకేసారి చూడాలంటే 4 మైక్రాన్ల రేకు గురించి మర్చిపోవాలి. పిండంలో ఒక మూల, ఒక వరస కణాలే చాలంటే పలచటి రేకు వాడొచ్చు. ఈ నిర్ణయం చేశాకే లేజర్ బీమ్ వ్యాసం ఎంత ఉండాలో తెలుస్తుంది. వెలుగు పంపే లెన్స్ ఫోకల్ దూరం 20 మిల్లీమీటర్లనుకుందాం. లేజర్ నుంచి నేరుగా 0.7 మిల్లీమీటర్ల బీమ్ వస్తే నడుము మందం 18 మైక్రాన్ల దగ్గర ఆగుతుంది. మధ్యలో మూడు రెట్ల బీమ్ ఎక్స్‌పాండర్ పెడితే అదే లేజర్ 6 మైక్రాన్ల రేకునిస్తుంది, కాకపోతే వెడల్పు 150కి పడిపోతుంది. లేజర్ మార్చలేదు, పవర్ పెంచలేదు. మార్చింది రెండు లెన్సులే.

రంగుని బట్టి కూడా నడుము మారుతుంది. ఒకే వ్యాసం ఉన్న బీమ్‌ని ఒకే లెన్స్ గుండా పంపితే 640 రేకు 405 రేకుకన్నా 1.58 రెట్లు మందంగా ఉంటుంది. రెండు రంగుల చిత్రాల్ని పక్కపక్కన పెట్టి “ఎర్ర చానెల్ ఎందుకో మసకగా ఉంది” అనుకునే చోట కారణం చాలాసార్లు ఇదే. వెలుగు సింగిల్‌మోడ్ ఫైబర్ (బీమ్‌ని ఒకే శుభ్రమైన ఆకారంలో నడిపించే సన్నటి గాజు పోగు) నుంచి వస్తే ఈ తేడా కొంత తగ్గుతుంది. ఫైబర్ నుంచి ఎరుపు ఎక్కువగా విచ్చుకుని బయటికొస్తుంది కాబట్టి దాని బీమ్ తనంతట తానే కొంచెం పెద్దదవుతుంది.

సగం ధర లేజర్‌లో ఏది తక్కువ

పై లెక్కంతా బీమ్ ఆదర్శంగా ఉందనుకుని వేసింది. నిజమైన బీమ్ ఆ ఆదర్శానికి ఎంత దూరంగా ఉందో చెప్పే అంకెని ఎమ్-స్క్వేర్డ్ అంటారు. అది 1 అయితే పరిపూర్ణం. మంచి లేజర్లు 1.1 దగ్గర ఉంటాయి. ఇది 3 అయితే, రేకు మందం 10 మైక్రాన్లకే కట్టుబడితే, 430 మైక్రాన్ల వెడల్పు 143కి కుంచించుకుపోతుంది. 100 మిల్లీవాట్లు సగం ధరకి వచ్చిన చోట దాగి ఉండేది సాధారణంగా ఈ అంకే. చవక డయోడ్లు మల్టీమోడ్‌వి, అంటే ఒకే శుభ్రమైన బీమ్‌కి బదులు చాలా ఆకారాలు కలిసిపోయి వచ్చేవి. పవర్ బాగానే ఇస్తాయి గానీ బీమ్ ఒక గీతలా, మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ప్రభుత్వ సంస్థల్లో ఇది ఇంకాస్త ముదురుతుంది. టెండర్‌లో “488 నానోమీటర్లు, 50 మిల్లీవాట్లు లేదా అంతకన్నా ఎక్కువ” అని మాత్రమే రాస్తే, ఎల్1గా (అందరికన్నా తక్కువ ధర పలికినదిగా) వచ్చేది మల్టీమోడ్ డయోడే కావచ్చు. రాసిన షరతుకి అది సరిపోయింది కాబట్టి కాదనడానికి దారి ఉండదు. టెమ్ 00 మోడ్ (ఒకే గుండ్రటి శుభ్రమైన బీమ్) అనో, ఎమ్-స్క్వేర్డ్ 1.2 లోపు అనో ఒక్క ముక్క ఉంటే కథ వేరుగా ఉండేది.

అలాగని మల్టీమోడ్ డయోడ్‌ని పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. ఈ డయోడ్ల బీమ్ ఒక దిశలోనే పాడుగా ఉంటుంది. దానికి అడ్డంగా ఉన్న దిశలో దాదాపు ఆదర్శంగానే ఉంటుంది. ఆ మంచి దిశని రేకు మందం వైపు, పాడు దిశని ఎత్తు వైపు తిప్పి పెట్టుకుంటే పలచటి రేకే వస్తుంది. మల్టీమోడ్ చాలనేవాళ్ళ వాదన గట్టిదే: బడ్జెట్ తక్కువ, ఒకటే రంగు, స్కానింగ్ లేదు అనుకుంటే ఇది పనిచేస్తుంది. రెండు మూడు రంగుల్ని ఒకే ఫైబర్‌లోకి పంపాలంటే మాత్రం చేతులెత్తేయాలి. సింగిల్‌మోడ్ ఫైబర్ అలాంటి బీమ్‌ని చాలావరకు లోపలికి రానివ్వదు.

ఎక్కువ డబ్బు పోసి చెడగొట్టుకునే చోటు కూడా ఒకటుంది. కొందరు స్పెసిఫికేషన్‌లో “చాలా సన్నటి లైన్‌విడ్త్” (అంటే దాదాపు ఒకే ఒక్క తరంగదైర్ఘ్యం) అని రాస్తారు, అదేదో గొప్ప అన్నట్టు. హోలోగ్రామ్ చేసేవాళ్ళకి అది కావాలి. ఇక్కడ మాత్రం అంత పొడవైన కొహెరెన్స్ ఉన్న (అంటే అలలు చాలా దూరం దాకా తాళం తప్పని) వెలుగు గాజు తొట్టె గోడల మధ్య తనతో తానే కలబడి చారలు పుట్టిస్తుంది. ఈ పనికి కొంచెం “అశుద్ధమైన” లేజరే మేలు.

నమూనా దగ్గర ఎన్ని మిల్లీవాట్లు చాలు

ఇప్పుడు పవర్ దగ్గరికి రావచ్చు. రేకు ఎత్తు 500 మైక్రాన్లు, మందం 10 మైక్రాన్లు, నమూనా దగ్గర పవర్ 1 మిల్లీవాట్ అనుకుందాం. ఆ వెలుగు 5,000 చదరపు మైక్రాన్ల మీద పరుచుకుంటుంది, అంటే చదరపు సెంటీమీటరుకి 20 వాట్లు. కన్‌ఫోకల్‌లో 0.1 మిల్లీవాట్‌నే అర మైక్రాన్ చుక్కగా కుదిస్తే అది సుమారు 50,000 వాట్లవుతుంది. రెండింటికీ తేడా 2,500 రెట్లు.

చాలా ప్రచార కాగితాలు ఇక్కడ ఆగిపోయి, లైట్ షీట్ వేల రెట్లు సున్నితమైనదని తేల్చేస్తాయి. లెక్క ఇంకా పూర్తి కాలేదు. లైట్ షీట్‌లో ప్రతి బిందువూ ఎక్స్‌పోజర్ ఉన్నంతసేపూ వెలుగుతుంది. 20 మిల్లీసెకన్లయితే చదరపు సెంటీమీటరుకి 0.4 జౌళ్ళు పడుతుంది. కన్‌ఫోకల్ చుక్క మాత్రం 0.2 మైక్రాన్ల పిక్సెల్ మీద ఒక మైక్రోసెకనే నిలిచి పోతుంది. అక్కడ పడేది 0.25 జౌళ్ళే. ఒక్క పొరే చూడాలంటే కన్‌ఫోకలే తక్కువ దెబ్బ కొడుతుందన్నమాట! తేడా వచ్చేది లోతులో. 100 పొరలు తీస్తే కన్‌ఫోకల్ ప్రతి పొరకీ నమూనా మొత్తాన్నీ మళ్ళీ వెలిగిస్తుంది, మొత్తం 25 జౌళ్ళు. లైట్ షీట్‌లో రేకు మందం 10, అడుగు 2 మైక్రాన్లయితే ఒక్కో బిందువుకి అయిదుసార్లు వెలుగు తగులుతుంది, మొత్తం 2 జౌళ్ళు. పన్నెండు రెట్ల లాభం. బతికున్న పిండానికి అది తక్కువేమీ కాదు.

కాబట్టి చేప పిండం దగ్గర 1 నుంచి కొన్ని మిల్లీవాట్లు చాలు. మరి లేజర్ ఎంతది? వెనక్కి లెక్క కడితే తెలుస్తుంది. 50 మిల్లీవాట్ల లేజర్, ఫైబర్‌లోకి 60 శాతం వెళ్తే 30. వెలుగుని ఆన్-ఆఫ్ చేసే స్విచ్చింగ్ పరికరం 85 శాతం వదిలితే 25.5. అద్దాలూ లెన్సులూ దాటాక 90 శాతం మిగిలితే 23. బీమ్ అంచులు కత్తిరించి మధ్య భాగమే వాడితే సగం, అంటే 11.5. అవసరానికి మించే ఉంది.

పారదర్శకం చేసిన ఎలుక మెదడుకి వచ్చేసరికి ఇదే లెక్క వేరే జవాబిస్తుంది. రేకు ఎత్తు 5 మిల్లీమీటర్లు, మందం 30 మైక్రాన్లంటే వైశాల్యం 30 రెట్లు. అదే తీవ్రతకి 30 మిల్లీవాట్లు కావాలి. అక్కడ 100 మిల్లీవాట్ల లేజర్ అడగడం సబబే. కణజాలం నీలి-ఆకుపచ్చ వెలుగులో తనంతట తాను ఎక్కువ మెరుస్తుంది కాబట్టి ఆ పనికి 640 వైపు మొగ్గుతారు.

పవర్ ఎక్కువున్న డయోడ్‌ని కొని 2 శాతం దగ్గర నడిపిస్తే ఏమవుతుంది? ఆ అడుగు స్థాయిలో డయోడ్లు నిలకడగా ఉండవు, తోక రంగుల వాటా పెరుగుతుంది. హాయిగా 40, 50 శాతం దగ్గర నడిపి, ముందు ఎన్‌డీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుగుని తగ్గించే గాజు) పెట్టడం మంచిది.

సిలిండ్రికల్ లెన్సా, స్కానింగా

రేకుని రెండు రకాలుగా చేస్తారు. సిలిండ్రికల్ లెన్స్‌తో బీమ్‌ని ఒక దిశలోనే నొక్కడం మొదటిది. కదిలే భాగాలుండవు, ఖర్చు తక్కువ, నమూనా మీద తీవ్రత తక్కువ. గుండె కొట్టుకోవడం లాంటి వేగమైన విషయాలకి దీన్నే మెచ్చుకుంటారు. రెండోది 2008లో కెల్లర్ తదితరులు చేపల మీద చూపించినది: గుండ్రటి బీమ్‌ని గాల్వో అద్దంతో పైకీ కిందకీ ఊపి రేకుని “గీయడం”. వెలుగు పైనుంచి కింద దాకా సమానంగా పడుతుంది, అంచులు కత్తిరించాల్సిన పని లేదు, కెమెరాలో వరస తర్వాత వరసగా తెరుచుకునే రోలింగ్ షటర్‌తో జత కలిపితే చెదిరిన వెలుగుని కూడా కొంత వదిలించుకోవచ్చు. ఏ క్షణంలోనైనా ఒక గీత మీదే పవర్ అంతా పడటం దీని లోపం.

లేజర్ ఎంపికకి ఇందులో పట్టింపు ఒకటే: స్కానింగ్‌కి గుండ్రటి, శుభ్రమైన బీమ్ తప్పదు. సిలిండ్రికల్ లెన్స్ కొంత చూసీ చూడనట్టు పోతుంది. చేప కంటి నల్లటి రంగు వెనక పడే నీడ చారలు మాత్రం రెండింటిలోనూ వస్తాయి. రేకుని కొంచెం అటూ ఇటూ ఊపడమో, రెండు వైపుల నుంచీ వెలిగించడమో దానికి మందు.

ఆన్-ఆఫ్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కెమెరా తెరుచుకున్నంతసేపే లేజర్ వెలగాలి. 405, 488, 640 డయోడ్లు టీటీఎల్ (ఆన్-ఆఫ్ విద్యుత్) సిగ్నల్‌తో నేరుగా వెలిగి ఆరతాయి. 561 ఎక్కువగా డీపీఎస్‌ఎస్ (డయోడ్ వెలుగుతో క్రిస్టల్‌ని నడిపించే) రకం. అంత వేగంగా నేరుగా ఆరదు కాబట్టి ముందు ఏఓటీఎఫ్ గానీ ఏఓఎమ్ గానీ (క్రిస్టల్‌లో ధ్వని తరంగాలతో వెలుగుని ఆపి వదిలే స్విచ్చింగ్ పరికరాలు) కావాలి. 561 కొటేషన్ చవగ్గా కనిపిస్తే అది లోపల ఉందో లేదో చూడటం అవసరం.

ఫైబర్ వాదన, విశాఖ ఉక్కపోత

లేజర్లని నేరుగా టేబుల్ మీద అద్దాలతో నడిపించాలా, సింగిల్‌మోడ్ ఫైబర్‌లోంచి పంపాలా అన్నది పాత తగువే. నేరుగా పంపితే పవర్ పోదు, ఖర్చు తక్కువ. కానీ ప్రతి రంగుకీ రెండేసి అద్దాలు తిప్పుతూ అన్నిటినీ ఒకే గీత మీదకి తేవాలి, ఎవరైనా టేబుల్‌కి తగిలితే మళ్ళీ మొదటికొస్తుంది. ఫైబర్ మూడో వంతుకి పైగా పవర్ తినేస్తుంది. బదులుగా అన్ని రంగులూ ఒకే బిందువులోంచి, గుండ్రంగా, శుభ్రంగా బయటికొస్తాయి.

సముద్రం ఒడ్డున ఈ లెక్క కొంచెం మారుతుంది. కనిపించే వెలుగుకి సింగిల్‌మోడ్ ఫైబర్ లోపలి దారి వెడల్పు 3, 4 మైక్రాన్లే. మధ్యాహ్నం కరెంటు పోయి, ఏసీ ఆగి, గది ఆరేడు డిగ్రీలు వేడెక్కితే, కప్లర్‌ని (వెలుగుని ఫైబర్‌లోకి దూర్చే అమరికని) పట్టుకున్న లోహం ఒక మైక్రాన్ జరిగినా లోపలికి వెళ్ళే పవర్ తగ్గిపోతుంది. పొద్దున్న తీసిన చిత్రాలకీ సాయంత్రం వాటికీ వెలుగు తేడా వస్తే లేజర్‌ని అనుమానిస్తారు గానీ, దొంగ చాలాసార్లు కప్లర్‌లోనే ఉంటాడు.

తేమ సంగతి ఇంకా ముఖ్యం. బయట గాలి 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే మంచు బిందువు 25 డిగ్రీలు. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర ఉన్న గాజు మీద ఆ గాలి తగిలితే నీళ్ళు పట్టేస్తుంది. తలుపు బార్లా తెరిచినప్పుడు లెన్స్ మీద ఆవిరి అలుముకోవడం ఇదే. ఫైబర్ కొన మీద ఆ తడితో పాటు ఉప్పు, దుమ్ము అంటుకుని, లేజర్ వెలుగు అక్కడే కేంద్రీకరిస్తే కొన కాలిపోవచ్చు. కెమెరా లెన్సులకి ఫంగస్ పట్టడం ఈ ఊళ్ళో ఫోటోగ్రాఫర్లందరికీ తెలిసిన బాధే. ఆప్టికల్ టేబుల్ మీది లెన్సులకి మినహాయింపేమీ లేదు. మూత ఉన్న పెట్టె, లోపల సిలికా జెల్, రాత్రి కూడా నడిచే డీహ్యూమిడిఫయర్ లేజర్ ఖర్చులో భాగమే. వెండి పూత అద్దాలకన్నా డైఎలక్ట్రిక్ అద్దాలు ఈ గాలికి ఎక్కువకాలం తట్టుకుంటాయి. యూపీఎస్ గురించి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక రోజుల తరబడి చీకట్లో ఉన్న నగరానికి వేరే చెప్పనక్కర్లేదు.

కంటికి సంబంధించి ఒక మాట. 5 నుంచి 500 మిల్లీవాట్ల దాకా ఉన్న లేజర్లు క్లాస్ 3బీ కిందకి వస్తాయి. నేరుగా పడ్డా, అద్దం మీద నుంచి తిరిగి పడ్డా కన్ను దెబ్బతింటుంది. 405 మరీ మాయదారిది. కంటికి మసకగా కనిపిస్తుంది కాబట్టి పవర్ తక్కువనిపిస్తుంది, కాదు. అమరిక చేసేటప్పుడు ఉంగరాలు, వాచీలు తీసేయమనేది వాటి మీద నుంచి బీమ్ కంట్లోకి తిరిగి పడకుండా.

ఒకే పెట్టెనా, విడివిడిగానా

నాలుగు రంగులూ కలిపి, ఫైబర్‌తో సహా మూసేసిన లేజర్ ఇంజిన్ కొంటే అమరిక బెడద ఉండదు, తేమ లోపలికి అంత తేలిగ్గా వెళ్ళదు, విద్యార్థులు మారుతున్నా పరికరం నడుస్తుంది. ఆప్టిక్స్ తెలిసిన మనిషి లేని జీవశాస్త్ర ల్యాబ్‌కి ఇదే సుఖం. దీన్ని కాదనేవాళ్ళు చెప్పేది మరమ్మతు గురించి: లోపల ఒక్క డయోడ్ పోయినా పెట్టె మొత్తం కంపెనీకి పంపాలి, అది విదేశాల నుంచి తిరిగొచ్చేదాకా నాలుగు రంగులూ ఆగిపోతాయి. విడివిడిగా కట్టుకుంటే 488 పాడైనప్పుడు 640తో పని సాగుతుంది.

నా మొగ్గు ఎటంటే, విశాఖలాంటి చోట సర్వీస్ ఇంజనీరు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో రావాల్సి ఉంటుంది కాబట్టి, భౌతికశాస్త్రం వాళ్ళ సాయం దొరికే క్యాంపస్‌లో విడివిడి లేజర్లే నయం. ఆసుపత్రికి ఆనుకున్న ల్యాబ్‌లోనైతే పెట్టే నయం. మధ్యేమార్గం కూడా ఉంది. చాలా పనులు జీఎఫ్‌పీతోనే మొదలవుతాయి. మంచి బీమ్ ఉన్న 488 ఒక్కటి, పీఎమ్ (వెలుగు ధ్రువణాన్ని మారనివ్వని) ఫైబర్‌తో, ఎఫ్‌సీ/ఏపీసీ (కొన ఏటవాలుగా ఉండే) కనెక్టర్‌తో ముందు కొని, రంగుల్ని కలిపే కాంబైనర్ పలక మీద ఇంకో రెండు డైక్రోయిక్‌లకి (ఒక రంగుని వదిలి ఇంకోదాన్ని తిప్పే అద్దాలకి) చోటు ఖాళీగా ఉంచితే 561, 640 వచ్చే ఏడాది గ్రాంట్‌లో చేరతాయి. అప్పటిదాకా ఆ రెండు ఖాళీ రంధ్రాలకి మూతలు బిగించి ఉంచాలి, లేకపోతే లోపలికి ఉప్పు గాలి చేరుతుంది.